పాత పికప్ బండికి బాడీ సామాను: ఏది దేనికి సరిపోతుంది, ఏది తీసుకుంటే మేలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ముప్పై నలభై ఏళ్లు దాటిన పికప్ బండ్లు ఇంకా అక్కడక్కడా పని చేస్తూనే ఉన్నాయి. కొన్ని బావుల దగ్గరికి మోటార్లు, పైపులు మోస్తున్నాయి; మరికొన్ని సరదాపడి కొన్నవాళ్ల చేతికి వచ్చి, షెడ్డు మూలన నిలబడి కొత్త రంగు కోసం ఎదురు చూస్తున్నాయి. వీటికి ఇంజిన్ సామాను దొరకడం పెద్ద కష్టం కాదు. మహీంద్రా పాత డీజిల్ జీపుల్లో ఇంటర్నేషనల్ బీ-275 ట్రాక్టరు ఇంజిన్ బిగించిన రకాలు ఉన్నాయి కనుక, ట్రాక్టరు మేస్త్రీ ఉన్న మండల కేంద్రంలో ఆ ఇంజిన్ తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. ఆ తరువాతి కాలపు ఎంఎం 540, కమాండర్‌లలో వచ్చిన 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్‌కూ అలవాటుపడిన చేతులు చాలానే ఉన్నాయి. చిక్కంతా బాడీ సామానుతోనే వస్తుంది. బానెట్, మడ్‌గార్డు, తలుపు, ముందు షో (రేడియేటరు ముందుండే చీలికల రేకు), వెనక డాలా (తొట్టి వెనక తలుపు) వంటివి కంపెనీ చేయడం మానేసి ఏళ్లయింది. దుకాణంలో అడిగితే ‘ఆ మోడల్ రావడం లేదు’ అన్న ఒక్క మాటతో పంపించేస్తారు.

అయితే ఆ మోడల్‌దే కావాలని పట్టుబట్టడం చాలాసార్లు అనవసరం. ఒక బండి రేకు మరో బండికి సరిపోతుందా లేదా అన్నది పైకి కనిపించే పోలికను బట్టి తేలదు, బండి మీద ఉన్న పేరును బట్టి అసలే తేలదు. ఆ భాగం ఎక్కడ, ఎలా బిగుసుకుంటుందన్న దాన్ని బట్టే తేలుతుంది. అందుచేత వెతకడానికి బయలుదేరే ముందు బాడీని మూడు రకాలుగా చూసుకోవాలి. బోల్టులతో బిగించే మడ్‌గార్డులు, ముందు షో, బంపరు, ఫుట్‌బోర్డు వంటివి ఒక రకం. కబ్జాల మీద తిరిగే తలుపులు, బానెట్, వెనక డాలా రెండో రకం. వెల్డింగుతో అతికి ఉండే ఫ్లోరు, కౌల్ (బానెట్‌కూ ముందు అద్దానికీ మధ్య ఉండే రేకు), పిల్లర్లు (తలుపులకు అటూ ఇటూ ఉండే స్తంభాలు), క్యాబిన్ వెనక గోడ మూడో రకం. మొదటి రకానికి అన్నదమ్ముల మోడళ్ల నుంచి తెచ్చుకున్నది ధైర్యంగా వాడవచ్చు, బోల్టు రంధ్రం కొంచెం తేడా పడితే సరిచేసుకోవచ్చు. రెండో రకానికి కబ్జా కొలత, తాళం కొలత రెండూ కలిస్తే తప్ప ముందుకు వెళ్లకూడదు. మూడో రకంలో మాత్రం, పూర్తి భాగం ఉచితంగా దొరికినా సరే, ఉన్నదానికే అతుకు వేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

జీపు వంశం

మన దగ్గర ఎక్కువగా కనిపించే జీపు పికప్పులన్నిటికీ మూలం విల్లీస్ జీపు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ ఒకే నమూనా ప్రకారం జీపులు చేశాయి. ఒకదాని రేకు మరొకదానికి సరిపోవాలన్నది అప్పట్లో సైన్యం కోరి పెట్టించుకున్న షరతు. అంటే ఇక్కడ సామాను ఒకదానికొకటి కలవడం యాదృచ్ఛికం కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. యుద్ధం ముగిశాక పౌరుల కోసం సీజే-2ఏ, ఆ తరువాత సీజే-3ఏ, 1953లో సీజే-3బీ వచ్చాయి. మహీంద్రా మన దేశంలో ఎక్కువ కాలం చేసింది ఈ సీజే-3బీనే, దాని మీద సాగదీసిన రకాలనే.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన గీత ఒకటుంది. సీజే-3బీలో పెట్టిన హరికేన్ ఇంజిన్ అంతకుముందు దానికంటే ఎత్తైనది కనుక, దాన్ని పట్టించడానికి బానెట్‌ను, ముందు షోను ఎత్తు పెంచారు. అందుకే పొట్టి బానెట్ ఉన్న యుద్ధకాలపు జీపు లేదా సీజే-2ఏ, సీజే-3ఏ బానెట్ తెచ్చి మహీంద్రా సీజే-3బీ మీద పెడితే కూర్చోదు, వెనక కౌల్ దగ్గర మెట్టు కనిపిస్తుంది. షో విషయమూ అంతే. యుద్ధకాలపు షోలో తొమ్మిది చీలికలు, దీపాలు చిన్నవి, లోపలికి ఉంటాయి. పౌరుల జీపుల షోలో ఏడు చీలికలు, దీపాలు పెద్దవి. సైన్యం జీపులా కనిపించాలన్న మోజుతో తొమ్మిది చీలికల షో కొనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఎత్తు బానెట్ బండికి అది పెట్టించాలంటే షోను పైకి సాగదీయాలి, దీపాల గిన్నెలు మార్చాలి, రేడియేటరు ముందు బిగింపులు మార్చాలి. అంత చేశాక అది ఏ జీపులాగానూ కనిపించదు.

బండి పొడవు మారితే ఏమవుతుందన్నది తరువాతి ప్రశ్న. సీజే-3బీ ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు మధ్య దూరం 80 అంగుళాలు. ఎంఎం 540లో అది 91 అంగుళాలు. ఆ తేడా ప్రధానంగా వెనక భాగంలోనే పడుతుంది కనుక, వెనక బాడీ ఒకదాని నుంచి మరొకదానికి నేరుగా రాదు. తలుపు ముందరి భాగం సంగతి వేరు. అక్కడ బానెట్ వెడల్పు, కౌల్ ఎత్తు, మడ్‌గార్డు బోల్టుల మధ్య దూరం అనే మూడు కొలతలు కలిస్తే వాడుకోవచ్చు. పికప్‌గా మార్చిన జీపుల్లో వెనక తొట్టి అసలు కంపెనీది కాకపోవడమే ఎక్కువ. ఊళ్లోనో, పట్నంలోనో బాడీ షెడ్డులో కట్టించినదై ఉంటుంది. అటువంటి తొట్టికి మరో బండి తొట్టి వెతకడం దండగ పని. మళ్లీ కట్టించుకోవడమే దారి.

జీపుతో ఇంకొక సౌలభ్యం ఉంది. పాత జీపుల్లో చాలావాటికి రేకు తలుపులే ఉండవు, గుడ్డ టాపు, గుడ్డ తలుపులతోనే వచ్చాయి. పైగా రేకులు దాదాపు చదునుగా, చిన్న వంపులతో ఉంటాయి. అందుకే జీపు బాడీకి కొత్తగా తయారైన రేకులు దేశంలో చాలాచోట్ల దొరుకుతాయి. హర్యానాలోని మండీ డబ్వాలీ జీపులను మళ్లీ కట్టడానికి పేరుపడిన ఊరు. మన పక్కన చూస్తే, కొంచెం చేయి తిరిగిన టింకరింగ్ మేస్త్రీ ఎవరైనా జీపు మడ్‌గార్డు చేయగలడు. కనుక జీపు యజమాని ఏ దారి పట్టాలన్నా దొరకదేమోనన్న బెంగతో పట్టనక్కర లేదు, ఏది మేలో చూసుకుని పట్టవచ్చు.

టాటా మొబైల్, దాని బంధువులు

టాటా మొబైల్ 206 వచ్చింది 1988లో. లారీలు, బస్సులు చేస్తున్న టాటా కంపెనీ చిన్న బండ్ల వైపు వేసిన తొలి అడుగు అది. దాని మీదనే 1991లో సియెర్రా, 1992లో ఎస్టేట్ పుట్టాయి. 1994లో వచ్చిన సుమో కూడా ఆ చాసిస్ (అడుగు చట్రం) కుటుంబానిదే. ఈ వరస తెలిసినవాడికి సామాను వెతుకులాట సగం తేలికవుతుంది. సియెర్రా, ఎస్టేట్‌ల ముందు భాగం టాటా మొబైల్ ముందు భాగంతో కలుస్తుంది కనుక, బానెట్, ముందు మడ్‌గార్డులు కావలసినవాళ్లు ఆ మూడు బండ్లనూ కలిపి వెతకాలి. తలుపు విషయంలో కబ్జాలు, తాళం, అద్దం మూడూ కొలిచాకే మాట్లాడాలి. సుమో మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది కింద చుట్టమే కాని పైన పరాయిది. దాని ఇరుసులు, స్ప్రింగులు, పెడళ్ల దగ్గరి చిన్న సామాను పనికిరావచ్చు, రేకులు పనికిరావు. సుమో తుక్కులో టాటా మొబైల్ మడ్‌గార్డు ఉంటుందని చెప్పే దళారీని నమ్మి జడ్చర్ల నుంచి హైదరాబాద్ దాకా వెళ్లవద్దు.

ఇందులో తమాషా ఏమిటంటే, సియెర్రా బండ్లకు ఇప్పుడు అభిమానులు పెరిగారు. అందువల్ల నలిగిన సియెర్రా నుంచి బానెట్ అడిగితే, పికప్ మొత్తం వెలకు దగ్గరగా చెబుతారేమో అన్నంత పట్టుదలగా మాట్లాడతారు. ఎవరికీ పట్టని టాటా మొబైల్ పికప్ ఊరి బయట తుక్కులో దొరికితే, దాని ముందు భాగం మొత్తం ఒకేసారి, రెండు మడ్‌గార్డులు, బానెట్, షో, దీపాల గిన్నెలతో సహా కొనుక్కోవడం తెలివైన బేరం. విడివిడిగా నాలుగు బండ్ల నుంచి తెచ్చిన నాలుగు రేకుల కంటే, ఒకే బండి నుంచి ఊడదీసిన నాలుగు రేకులు సందులు సరిపడేలా కూర్చుంటాయి. ఎందుకంటే అవి ఇరవై ఏళ్లు ఒకదాని పక్కన ఒకటి అదిరి, ఒరిసి, సర్దుకుని ఉంటాయి. తరువాతి కాలపు టాటా 207 రకాల నుంచి తెచ్చుకునేవాళ్లు ముందుగా దీపాల గిన్నె, షో బిగింపు చూసుకోవాలి. కంపెనీలు ఏళ్లు గడిచేకొద్దీ మొహం మారుస్తాయి కాని లోపలి ఎముకలను అంత తొందరగా మార్చవు.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి 1980లలో జహీరాబాద్‌లో చేసిన ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు మన ప్రాంతంలో ఒకప్పుడు విరివిగా తిరిగాయి. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. ఆ కాలంలోనే వచ్చిన డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి బండ్లు చూడటానికి ఒకే తీరున, ముక్కు లేని క్యాబిన్లతో ఉన్నా, ఆల్విన్ నిస్సాన్‌తో కలిపి నాలుగూ నాలుగు వేర్వేరు జపాన్ కంపెనీల నమూనాలు. వాటి మధ్య తలుపులు, అద్దాలు మార్చుకోవడం కుదరదు. ‘అన్నీ జపాన్ బండ్లే కదా’ అనే మాట తుక్కు దుకాణాల్లో తరచూ వినిపిస్తుంది, దాన్ని పట్టించుకోవద్దు. అంబాసిడర్‌ను వెనక కోసి పికప్‌గా మార్చినవాళ్ల పని మాత్రం సులువు. 2014 దాకా తయారైన ఆ కారు తలుపులు, మడ్‌గార్డులు ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు, మారింది ఎక్కువగా ముందు షోనే.

మన జిల్లాల నుంచి అమెరికా వెళ్లి, అక్కడ పాత షెవర్లే పికప్ కొనుక్కుని మురిసిపోతున్న పిల్లలకు కూడా ఈ పద్ధతే వర్తిస్తుంది. అక్కడ షెవర్లే, జీఎంసీ రెండూ ఒకే ఇంటివి. 1967 నుంచి 1972 దాకా వచ్చిన బండ్లలోనూ, 1973 నుంచి 1987 దాకా వచ్చిన బండ్లలోనూ ఈ రెండు పేర్ల మధ్య క్యాబిన్లు, తలుపులు కలుస్తాయి, షోలు మాత్రం వేరు. ఒకే పేరులోనే ఏడాది తేడాలు ఇబ్బంది పెడతాయి. 1968 నుంచి పక్క దీపాలు తప్పనిసరి కావడంతో 1967 మడ్‌గార్డుకు లేని రంధ్రం ఆ తరువాతిదానికి ఉంటుంది; 1981లో మొహం మార్చడంతో అంతకుముందు బానెట్, మడ్‌గార్డులు ఆ తరువాతి బండికి అలాగే రావు. పేరు వేరైనా రేకు కలవడం, పేరు ఒకటైనా రేకు కలవకపోవడం అన్నవి రెండూ అక్కడా మామూలే.

నాలుగు దారుల్లో ఏది?

ఏ భాగం కావాలో తేలాక నాలుగు దారులుంటాయి. తుక్కుకు వెళ్లిన అదే కుటుంబపు బండి నుంచి అసలు రేకు తీసుకోవచ్చు. కొత్తగా అచ్చు వేసిన డూప్లికేట్ రేకు కొనవచ్చు. మేస్త్రీతో కొత్తగా చేయించుకోవచ్చు. ఉన్న రేకునే కోసి అతుకు వేయించుకోవచ్చు. వీటిలో ఒకటి మంచిది, మిగిలినవి చెడ్డవి అని చెప్పలేం, కాని భాగాన్ని బట్టి చెప్పవచ్చు.

తలుపులకూ, లోతైన వంపులున్న బానెట్లకూ తుక్కు బండి అసలు రేకే నా మొదటి ఎంపిక. తలుపంటే బయటి రేకు ఒక్కటే కాదు. లోపల చట్రం, అద్దం జారే ఛానెల్, అద్దాన్ని పైకి కిందికి దించే మెషిన్, తాళం, కబ్జాలు అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. డూప్లికేట్ తలుపు బయటి నుంచి మెరిసిపోతుంది. బిగించాక అద్దం మూడొంతులు లేచి ఆగిపోతుంది. కాని తుక్కు తలుపును చూసి కొనే చోట కళ్లు తెరిచి ఉండాలి. ముందుగా తలుపును సగం తెరిచి, కొసన పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. టకటకమని కదిలితే కబ్జా పిన్నులు అరిగాయని అర్థం, అది చిన్న ఖర్చుతో పోయేదే. ఆ తరువాత మోకాళ్ల మీద కూర్చుని తలుపు అడుగు అంచు చూడాలి. బయటి రేకును లోపలి చట్రం మీదికి మడిచి నొక్కిన చోటు అదే. వాన నీరు అద్దం పక్కగా లోపలికి దిగి, అడుగున ఉండే చిన్న రంధ్రాల గుండా బయటికి పోవాలి. మట్టి, ఎండిన ఆకులు పేరుకుని ఆ రంధ్రాలు పూడిపోతే నీరు అక్కడే నిలిచి, ఆ మడత లోపలి నుంచి జంగు పట్టడం మొదలవుతుంది. పైన రంగు ఉబ్బి చిన్న పొక్కుల్లా కనిపించేసరికి లోపల రేకు సగం పోయి ఉంటుంది. స్క్రూ డ్రైవరు మొనతో ఆ మడత మీద మెల్లగా నొక్కి చూడండి, గట్టిగా ఉంటే కొనండి, మొన దిగిపోతే వదిలేయండి. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపు పొడవునా జరిపితే పుట్టీ (సొట్టలు పూడ్చే ముద్ద) ఎక్కడ మందంగా ఉందో దానంతటదే చెబుతుంది, ఎందుకంటే పుట్టీ మీద అయస్కాంతం పట్టదు. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది. రేకు మోగుతుంది, పుట్టీ మూగగా ఉంటుంది.

బండి ఏ ఊళ్లో బతికిందో కనుక్కోవడం కూడా తలుపు చూసినంత ముఖ్యం. దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ వంటి పొడి నేలల్లో తిరిగిన బండ్ల రేకులు ఎండకు రంగు వెలిసిపోయి ఉంటాయి కాని అడుగు భాగాలు గట్టిగా ఉంటాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది పల్లెల్లో యూరియా, ఎరువు బస్తాలు మోసిన బండ్ల తొట్టి అడుగు చూడకుండా కొనకూడదు. ఎరువు గింజలు గాలిలోని తేమను పీల్చుకుని రేకుకు అంటుకుంటే ఇనుమును చాలా త్వరగా తినేస్తాయి. సముద్ర తీరపు జిల్లాల నుంచి వచ్చిన బండి అయితే, ఎంత తళతళలాడినా, పిల్లర్ల అడుగు భాగం గుచ్చి చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

డూప్లికేట్ రేకు మేలు అనిపించే చోటు జీపు మడ్‌గార్డులు, జీపు షో, ఫుట్‌బోర్డులు. ఇవి చదునుగా ఉండి, బోల్టుల మీదే బిగుసుకుంటాయి కనుక చిన్న తేడాలు సర్దుకోవచ్చు. చూడవలసింది మందం ఒక్కటే. 18 గేజి రేకు సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజి 0.9, 22 గేజి 0.7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పాత జీపు రేకు మందమైనది. దాని బదులు 22 గేజి రేకు చుట్టి, రంగు వేసి అమ్మే మడ్‌గార్డును చేతితో నొక్కితే డబ్బా మూతలా లోపలికి పోయి తిరిగి వస్తుంది. గేజి కొలిచే చిన్న పట్టీ జేబులో ఉంటే ఈ మోసం దుకాణంలోనే బయటపడుతుంది. వీలైతే రంగు వేయని, ప్రైమరు మాత్రమే కొట్టిన రేకునే కొనండి, రంగు కింద ఏముందో కనిపించదు.

కొత్తగా చేయించుకోవలసిన భాగాల్లో మొదటిది వెనక తొట్టి, డాలా. ఇక్కడ మన ప్రాంతపు బాడీ షెడ్డులకు మించినవాళ్లు లేరు. ధాన్యం లారీల పని ఉన్న మిర్యాలగూడ, సూర్యాపేట వైపు ఈ పని చేసే చేతులు ఎక్కువ. మేస్త్రీలు సాధారణంగా అడుగుకు మూడు మిల్లీమీటర్ల చెకర్ ప్లేటు (పైన గీతలు లేచి ఉండే మందపు ఇనుప రేకు) వేద్దామంటారు, యజమానులు గట్టిగా ఉంటుందని ఒప్పుకుంటారు. ఒకసారి బరువు లెక్క వేసుకోండి. రెండున్నర చదరపు మీటర్ల అడుగుకు 18 గేజి రేకు దాదాపు 24 కిలోలు తూగుతుంది. మూడు మిల్లీమీటర్ల ప్లేటు 59 కిలోలు దాటుతుంది. పక్క గోడలకూ, డాలాకూ అదే ప్లేటు వాడితే పాత చాసిస్ మీద ఊరికే వంద కిలోలు ఎక్కించినట్టే. రోజూ ఇసుక, రాయి మోసే బండికి ఆ ప్లేటు న్యాయమే. ఆదివారం పూట బయటికి తీసే బండికి 18 గేజి రేకు కింద దగ్గర దగ్గరగా అడ్డ ఛానెళ్లు వేయిస్తే చాలు. జీఐ (జింకు పూత పూసిన) రేకు వాడితే జంగు పట్టదని కొందరు చెబుతారు. అతుకు దగ్గర పైనున్న జింకు పూత కాలిపోయి ఆ లాభం అక్కడే పోతుంది, పైగా ఆ పొగ వెల్డరు ఊపిరికి మంచిది కాదు. మామూలు సీఆర్ (కోల్డ్ రోల్డ్, పూత లేని) రేకు వేసి, అడుగునా పైనా ప్రైమరు సరిగా కొట్టించడం మేలు.

ఇక అతుకు. ఫ్లోరు, కౌల్, పిల్లరు అడుగు వంటి చోట్ల పూర్తి భాగం మార్చడానికి క్యాబిన్‌ను విప్పాలి. విప్పిన క్యాబిన్ మళ్లీ అదే కొలతకు రావాలంటే దాన్ని వంకర పోకుండా నిలబెట్టి పట్టే ఏర్పాటు షెడ్డులో ఉండాలి. చాలా షెడ్డుల్లో ఉండదు. జంగు పట్టిన మేరకే కోసి, అంత ముక్కే కొత్త రేకు పెట్టి అతికిస్తే తలుపు సందులు చెడవు. గ్యాస్ వెల్డింగు పలచని రేకును వేడికి వంకర తిప్పేస్తుంది కనుక సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు వాడే) వెల్డింగు ఉన్న షెడ్డును వెతుక్కోండి. అది ఉన్నచోట కూడా ఒకేసారి పొడవునా గీత లాగకుండా, ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క పెడుతూ చల్లారనిచ్చి పోయే మేస్త్రీ దగ్గరే పని చేయించండి. అతుకు పైన పుట్టీ వేసి, లోపలి వైపు వదిలేసే పద్ధతి సర్వసాధారణం. రెండు వానాకాలాల్లో లోపలి నుంచి మళ్లీ జంగు వస్తుంది. లోపలి వైపు కూడా ప్రైమరు కొట్టాకే కార్పెట్ వేయనివ్వండి.

ఎక్కడికి వెళ్లాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు ఇంచుమించు వంద కిలోమీటర్ల దూరమే కనుక మొదటి చూపు అటే పోతుంది. చిన్న సామాను, రబ్బరు బీడింగులు, కబ్జాలు, తాళాలు, దీపాల గిన్నెల కోసం రాణీగంజ్, పుత్లీబౌలి దుకాణాలు మంచివి. పెద్ద రేకుల కోసం, లారీలు, వ్యాన్లు విప్పే వనస్థలిపురం ఆటోనగర్ వైపు చూడాలి. నల్లగొండ, సూర్యాపేట, కోదాడ వాళ్లకు విజయవాడ ఆటోనగర్ మరో దారి. అక్కడ సామాను ఎక్కువ, బాడీ పని చేసేవాళ్లూ ఎక్కువ, బేరమాడే ఓపిక కూడా ఎక్కువే కావాలి. మహబూబ్‌నగర్, గద్వాల వాళ్లకు కర్నూలు దగ్గర. చెన్నైలోని పుదుపేట, ఢిల్లీలోని మాయాపురి పేర్లు చాలామంది చెబుతారు. అంత దూరం నుంచి బానెట్ తెప్పించుకోవడంలో నాకు పెద్ద లాభం కనిపించదు. పార్సిల్‌లో అంచు వంగితే సరిచేసే కూలి, రవాణా ఖర్చు కలిపి దగ్గర దొరికిన నాసిరకం రేకును బాగుచేసుకున్నంత అవుతుంది. చేతిలో పట్టే దీపం చట్రం, పాత పేరు బిళ్ల వంటివైతే ఎక్కడి నుంచైనా తెప్పించుకోవచ్చు.

బయలుదేరే ముందు అట్టముక్క తీసుకుని, మీ బండి తలుపు కబ్జా రంధ్రాల మీద పెట్టి గీసి, రంధ్రాలు పొడిచి వెంట తీసుకువెళ్లండి. ఫోనులోని ఫొటో చూసి ‘సేమ్ టు సేమ్’ అనే దుకాణదారు అట్టముక్క పెట్టి చూస్తే మాట మారుస్తాడు. పైకబ్జా నుంచి కిందికబ్జాకు మధ్య దూరం, తాళం నాలుక ఎత్తు, అద్దం ఛానెల్ పొడవు, బానెట్ ముందు వెడల్పు, వెనక వెడల్పు చిట్టీ మీద రాసుకుంటే చాలు.

కాగితాల సంగతి

తుక్కు రేకు కొన్నప్పుడు బిల్లు లేదా సంతకంతో కూడిన చీటీ, ఏ బండి నుంచి తీసిందో నంబరుతో సహా అడిగి తీసుకోండి. క్యాబిన్ మొత్తం కొన్నప్పుడు దాని మీదున్న నంబరు బిళ్లను మీ బండికి తగిలించుకోకూడదు, మీ చాసిస్ నంబరు ఉన్న చోటును కోయించకూడదు. అవి రెండూ నేరుగా చిక్కుల్లో పడేసే పనులు. రేకుకు బదులు అదే రూపపు రేకు వేసుకోవడానికీ, బండి రూపాన్నే మార్చడానికీ చట్టం దృష్టిలో తేడా ఉంది. మూసిన బాడీని పికప్‌గా మార్చినా, పికప్ వెనక క్యాబిన్ పొడిగించినా అది 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, రవాణా శాఖ అనుమతి లేకుండా చేయకూడదు. ఇక్కడి పాత బండ్లలో చాలావాటి ఆర్సీలు ఏపీ 24, ఏపీ 22 కాలం నాటివి. అందులో బాడీ రకం అన్న గడిలో ఏం రాసి ఉందో మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోవాలి.

బండి వయసు యాభై ఏళ్లు దాటితే ఎంపిక కొంచెం మారుతుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, వ్యాపారానికి వాడని ద్విచక్ర వాహనాలను, మనుషులు ప్రయాణించే నాలుగు చక్రాల బండ్లను వింటేజ్ వాహనాలుగా, రాష్ట్ర అక్షరాల తరువాత ‘వీఏ’ అక్షరాలతో నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, మళ్లీ నమోదుకు 5,000 రూపాయలు రుసుము. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసినవి ఆ కోవలోకి రావు. అటువంటి జీపు మీ దగ్గర ఉంటే, మడ్‌గార్డుకైనా సరే డూప్లికేట్ దగ్గరికి పోకుండా, అసలు రేకు కోసం ఆరు నెలలు ఆగడం మేలు. ఇరవై ముప్పై ఏళ్ల టాటా మొబైల్‌కు అంత నియమం అవసరం లేదు.

సామానంతా చేరాక రంగు వేయడానికి తొందరపడవద్దు. ముందు రంగు లేకుండానే అన్నీ బిగించి చూడాలి. తలుపును వెనక పిల్లరుకు సరిచేసి, మడ్‌గార్డును తలుపుకు సరిచేసి, బానెట్‌ను మడ్‌గార్డులకు సరిచేసి, చివర షో పెట్టాలి. ఈ వరస తలకిందులైతే ముందు సందు సరిపోయి తలుపు దగ్గర వేలు దూరేంత ఖాళీ మిగులుతుంది. అన్నీ సరిపోయాక విప్పి, లోపలి అంచులకు కూడా రంగు పట్టించి మళ్లీ బిగించాలి. పాత రంగు కాకుండా కొత్త రంగు ఎంచుకున్నవాళ్లు, ఆ మార్పును ఆర్సీలో నమోదు చేయించుకున్నాకే బండిని రోడ్డెక్కించాలి.